నల్లచేపలకు పుట్టిన తెల్లపిల్లలు

పదవీ విరమణ చేసినవాళ్లు సాధారణంగా తాము సాధించినవి రాసుకుంటారు. నేను రాయబోయేది నేను నిర్ఘాంతపోయిన సందర్భాల గురించి. ముప్పై ఏళ్లకు పైగా బొంబాయిలో ఒక చేపల పరిశోధనశాలలో టెక్నీషియన్‌గా పనిచేశాను. పని నేర్పినవి మాత్రం మొదటి నాలుగైదేళ్లే. ఈ వృత్తిలోకి కొత్తగా వస్తున్న పిల్లలకు మైక్రోస్కోపు సంగతి, మందుల సంగతి పుస్తకాలు చెబుతాయి. నేను చేసిన తప్పులు ఏ పుస్తకంలోనూ లేవు.

తొట్ల గది

మాది కామాటిపుర ఏడో గల్లీ. తాత పాలమూరు జిల్లా నుంచి రాళ్ల పనికి వచ్చాడు, నాన్న మేస్త్రి. జువాలజీలో బీఎస్సీ చదివి, ఎనభైల మొదట్లో ఈ ఉద్యోగంలో చేరాను. అమ్మ దాన్ని చేపల బజారులో కొలువే అనుకుంది. నెల తిరిగినా నా చీరకు నీచువాసన రాకపోయేసరికి, నేను నిజంగా పనికే వెళుతున్నానా అని నాన్నను పంపించి వాకబు చేయించింది.

నాకు అప్పగించింది గప్పీల గది. గప్పీ అంటే వేలి కొసంత చేప. గుడ్లు పెట్టదు, పిల్లల్నే కంటుంది. గోడ పొడవునా గాజు తొట్లు, ఒక్కోదాని మీద ఒక్కో నంబరు. మా సైంటిస్టు సాఠే సార్ చేపల రంగు తరతరాలకు ఎలా అందుతుందో చూసేవారు. పిల్లలు పుట్టగానే కళ్లు చూసి, నల్లకళ్లవెన్ని, ఎర్రకళ్లవెన్ని అని రాయడం నా పని.

విషయం చెప్పడానికి సులువే. ఒంటికీ కంటికీ నలుపునిచ్చేది మెలనిన్ అనే రంగు. అది తయారు కావాలంటే శరీరంలో దానికి సంబంధించిన జన్యువు సరిగ్గా ఉండాలి. పిల్లకు ఆ జన్యువు తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి వస్తుంది. ఒకటి చెడినా రెండోదానితో పని జరిగిపోతుంది, చేప నల్లగానే ఉంటుంది. రెండూ చెడితేనే తెల్లగా పుడుతుంది. అప్పుడు కంట్లో అడ్డుపడే నలుపు లేక లోపలి రక్తం ఎర్రగా కనిపిస్తుంది. కాబట్టి చెడిన జన్యువును చెరొకటి లోపల మోస్తున్న నల్లచేపలు రెండింటిని కలిపితే, సుమారుగా నాలుగింట ఒక పిల్ల తెల్లగా పుడుతుంది. దీన్ని నేను ప్రతివారం కళ్లారా చూసేదాన్ని. ఇది గుర్తుపెట్టుకుని మిగతాది చదవండి.

గణపత్

తొట్లు కడిగి, మేత వేసి, ఆడచేపల్ని చిన్నప్పుడే మగవాటి నుంచి వేరు చేసే మనిషి గణపత్. కొంకణం వాడు, యాభై దాటినవాడు. ఆ వేరు చేయడమే ఆ గదిలో అన్నిటికంటే కీలకమైన పని. ఒక్కసారి మగచేపతో కలిసిన ఆడ గప్పీ ఆ బీజాన్ని నెలల తరబడి కడుపులో దాచుకోగలదు. ఆలస్యంగా వేరు చేస్తే పుట్టిన పిల్లలకు తండ్రి ఎవరో చెప్పలేం.

సాఠే సార్ దగ్గర రెండు చోట్ల నుంచి తెప్పించిన తెల్ల గప్పీలు ఉండేవి. ఒకచోటి ఆడచేపను రెండోచోటి మగచేపతో కలిపారు. తెల్లదానికీ తెల్లదానికీ పుట్టేవి తెల్లగానే ఉండాలి. నెల తర్వాత నేను తొట్టి ముందు వంగి చూసి, పొరపాటున వేరే నంబరు ముందు నిలబడ్డానేమో అనుకున్నాను. ముప్పైకి పైగా పిల్లలు, అన్నీ నల్లవి. ఒక్క ఎర్రకన్ను లేదు.

సాఠే సార్ చూశారు, ముఖం ఎర్రబడింది. ఆడచేప అంతకుముందే ఏదో నల్ల మగచేపతో కలిసి ఉంటుందనీ, గణపత్ వేళకు వేరు చేయలేదనీ తేల్చేశారు. నేను వేళకే వేరు చేశానని గణపత్ రెండుసార్లు అన్నాడు. వారంలోగా అతన్ని ఊరి బయట చెరువుల కేంద్రానికి మార్చారు. అతను అబద్ధం చెప్పే మనిషి కాడని తెలిసి కూడా నేను నోరు మెదపలేదు. కొత్త ఉద్యోగం, భయం.

తర్వాత ఆ ప్రయోగాన్ని నేనే మళ్లీ చేశాను. ఆడచేపల్ని నా చేతుల్తో వేరు చేశాను, మూతల మీద నా సంతకం అంటించాను. మళ్లీ అన్నీ నల్లవే పుట్టాయి. సాఠే సార్‌కు చెబితే పాత లెక్కలన్నీ తీయించి చూసి, అసలు సంగతి చెప్పారు. నల్లరంగు తయారీలో ఒకటికి మించిన మెట్లు ఉంటాయి. ఒకచోటి చేపల్లో ఒక మెట్టు విరిగింది, రెండోచోటి చేపల్లో ఇంకో మెట్టు. రెంటినీ కలిపితే ఒకదానిలో లేనిదాన్ని మరొకటి ఇచ్చింది, పిల్లలు నల్లగా పుట్టాయి. ఆ నల్లపిల్లల్ని వాటిలో వాటినే కలిపి చూస్తే, తర్వాతి తరంలో పదహారింట ఏడు తెల్లవి రావాలి. దాదాపు అలాగే వచ్చాయి. ఆడచేప తప్పు లేదు, గణపత్ తప్పు అసలే లేదు.

సార్ అతన్ని వెనక్కి రప్పించడానికి ఉత్తరం రాశారు. గణపత్ వచ్చాడు గాని తన డబ్బా, గొడుగు తీసుకుని పోవడానికి మాత్రమే. వెళ్తూ మరాఠీలో ఒకే మాట అన్నాడు. మీ లెక్కను అనుమానించడానికి మీకు ఇన్ని నెలలు పట్టింది సాహెబ్, నన్ను అనుమానించడానికి ఒక పూట కూడా పట్టలేదు అని. సాఠే సార్ నేను చూసినవాళ్లలో మంచి శాస్త్రవేత్త. అయినా ఆ రోజు ఆయన క్షమించమని అడగలేకపోయారు. నేనూ అడగలేదు.

లక్ష్మి బిడ్డ

ఆ మరుసటి ఏడు మా చాల్‌లో, అంటే ఒంటిగది కాపురాల భవనంలో, మా ఖోలీ గదికి మూడు గడపల అవతల, లక్ష్మి ప్రసవించింది. పంతొమ్మిదేళ్ల పిల్ల. స్వంత మేనమామ మల్లేశాన్నే చేసుకుంది. అతను గోడలు కట్టే మేస్త్రి. అతని తల్లి బాలమ్మ లక్ష్మికి అత్త, అమ్మమ్మ కూడా. ముగ్గురూ కారునలుపు. లక్ష్మి ఫోరస్ రోడ్డులో ఒక దర్జీ దుకాణంలో గుండీలు కుట్టే పనికి వెళ్లేది.

దవాఖాన నుంచి వచ్చిన రోజు పసిగుడ్డును చూడటానికి అందరం వెళ్లాం. బాలమ్మ గుడ్డ తొలగించింది. పాలనురగలాంటి ఒళ్లు, మొక్కజొన్న పీచులాంటి జుట్టు, కనురెప్పల వెంట్రుకలు కూడా తెల్లవే. ఎవరో పిల్ల మారిపోయిందేమో అన్నారు. మారలేదు, ఆ పూట ఆ వార్డులో పుట్టిన ఆడపిల్ల ఇదొక్కటే.

దర్జీ దుకాణం యజమాని పచ్చగా ఉంటాడు. అంతే, సాయంత్రానికి చాల్ మొత్తానికి కథ తయారైపోయింది. పక్క గల్లీల్లో ఏ వ్యాపారం జరుగుతుందో ఊరందరికీ తెలుసు. అందుకే మా గల్లీ ఆడవాళ్లు మంచివాళ్లమని రోజూ రుజువు చేసుకుంటూ బతకాలి. ఒక్క వేలు లేస్తే చాలు, అందరి వేళ్లూ లేస్తాయి. మల్లేశం పని దగ్గరే పడుకోవడం మొదలుపెట్టాడు. ఈ పిల్ల మా ఇంటిది కాదని బాలమ్మ గడపలో నిలబడి చెప్పింది. పెద్దమనుషులు కూర్చుని తల్లినీ పిల్లనూ ఊరికి పంపాలనీ, మల్లేశానికి మళ్లీ పెళ్లి చేయాలనీ మాట్లాడారు.

ఇక్కడ నా సంగతి దాచకుండా రాయాలి. నేనూ ఆ దర్జీ గురించే అనుకున్నాను. నల్లచేపల కడుపున తెల్లపిల్లలు పుట్టడం వారం వారం చూసి, లెక్కరాసి, దానికే జీతం తీసుకునే మనిషిని. గణపత్‌కు జరిగిన అన్యాయం చూసి ఏడాది కాలేదు. అయినా పది రోజులు ఆ గడప వైపు వెళ్లలేదు. బిడ్డ కళ్లు ఎర్రగా లేవు, లేత బూడిద రంగులో ఉన్నాయి. అది ఒక సాకు మాత్రమే. అసలు నేను ఆలోచించలేదు. చదివింది తొట్ల గదిలోనే వదిలేసి ఇంటికి వచ్చేదాన్ని.

పదకొండో రోజు ల్యాబులో ఒక నల్ల జంట పిల్లల్ని లెక్కపెడుతున్నాను. పదిహేడు నల్లవి దాటాక ఒక తెల్లది అద్దం దగ్గరికి వచ్చి ఆగింది. లక్ష్మి బిడ్డ గుర్తొచ్చింది. తొట్టి మీద మూత కూడా పెట్టకుండా సాఠే సార్ గదిలోకి పరుగెత్తాను. ఆయన అంతా విని, మనుషుల్లోనూ ఇది ఉంటుందనీ, కళ్లు సాధారణంగా ఎర్రగా ఉండవనీ, కనుగుడ్లు అదురుతున్నాయేమో చూసి కంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లమనీ చెప్పారు.

సాయంత్రం లక్ష్మి ఖోలీకి వెళ్లాను. బిడ్డను కిటికీ వైపు తిప్పాను. వెలుతురుకు ముఖం ముడుచుకుంది. కనుగుడ్లు అటూ ఇటూ సన్నగా అదురుతున్నాయి. లక్ష్మి నన్నే చూస్తోంది.

"నువ్వు గూడ గట్లనే అనుకున్నవు గదక్కా" అంది. "పది దినాలు రాలే నువ్వు."

నేను అవునన్నాను. గణపత్ దగ్గర చేయలేకపోయిన పని అక్కడ చేశాను, క్షమించమని అడిగాను. ఆమె బిడ్డను తిరిగి ఒళ్లోకి తీసుకుంది. బిడ్డ కళ్లకు ఏమైందని మాత్రం అడిగింది.

శనివారం

ఇది చర్మానికీ కంటికీ రంగు లేకపోవడమేనని, ఎవరి పాపమూ కాదని కంటి డాక్టరు చెప్పింది. మల్లేశం నమ్మలేదు. డాక్టర్లు ఏదో ఒకటి చెబుతారన్నాడు. ఊరికి పంపడానికి టికెట్లు కూడా కొన్నారు. అప్పుడు నేను సాఠే సార్ అనుమతి తీసుకుని, ఒక శనివారం మధ్యాహ్నం మల్లేశాన్నీ, బాలమ్మనూ ల్యాబుకు తీసుకువెళ్లాను. ఒక్కసారి చూడండి, ఆ తర్వాత మీ ఇష్టమన్నాను.

మూత మీద నా సంతకమున్న తొట్టి చూపించాను. అందులో ఒక నల్ల ఆడచేప, ఒక నల్ల మగచేప. ఇంకో చేప ఇందులోకి రాలేదనీ, రాకుండా నేనే కాపలా ఉన్నాననీ చెప్పాను. పక్కన చిన్న తొట్టిలో వాటి పిల్లలు. మల్లేశం మోకాళ్ల మీద కూర్చుని, గోడ వంకర చూసే మేస్త్రిలా ఒక కన్ను మూసి చూశాడు. తెల్లవి ఎనిమిది లెక్కపెట్టాడు. మళ్లీ లెక్కపెట్టాడు.

"అన్నా, ఇది తల్లి ఒక్కదాని నుంచి రాదు" అన్నాను. "తండ్రి గూడ ఇయ్యాలె. ఇద్దరి దగ్గర ఉంటెనే వస్తది. లక్ష్మి నీ అక్క బిడ్డ. మీ ఇద్దరికీ ఒక్కచోట నుంచే వచ్చింది."

ఈలోగా బాలమ్మ పెద్ద తొట్టినీ చిన్న తొట్టినీ మార్చి మార్చి చూస్తోంది. పిల్లల్ని తల్లి నుంచి ఎందుకు తీశారని అడిగింది. గప్పీ తన పిల్లల్ని తానే తింటుంది, అందుకే పుట్టగానే వేరు చేస్తామని చెప్పాను. అన్నింటినీ తింటుందా అని అడిగింది. ఏది దొరికితే దాన్ని తింటుంది, తెల్లది తొందరగా కంటపడుతుంది అన్నాను. మామూలుగా, రోజూ చెప్పే మాటలాగే చెప్పాను.

బాలమ్మ గోడకు చేరబడి కింద కూర్చుంది.

"నాకు గూడ పుట్టింది బిడ్డా" అంది. "ఇసొంటిదే. వీని కన్న ముందల. మాది గూడ మేనరికమే. మా అత్త పాలియ్యనియ్యలే. పక్కకు పండవెట్టి తలుపేసింది. మూడో దినం పోయింది. సచ్చి పుట్టిందని ఊరందరికీ చెప్పిన్రు, నేను గూడ గదే చెప్పిన."

సాఠే సార్ తెలుగు రాకపోయినా తలుపు దగ్గరే ఆగిపోయారు. ఈ ముసలామెకు మొదటి నుంచీ తెలుసు. గుడ్డ తొలగించిన క్షణంలోనే తెలుసు. మనవరాలి మీద అంత నింద పడుతుంటే తెలిసీ ఊరుకుంది. ఇంటి గుట్టు బయటపడుతుందని కన్న కూతురి బిడ్డనే బజారుకు ఎక్కించింది. ఊరికి పంపిన తర్వాత ఆ పసిగుడ్డుకు ఏమవుతుందో కూడా ఆమెకు తెలుసు.

మల్లేశం అడిగాడు. "నాకింకొక అక్క ఉండెనా అమ్మా?"

ఆమె తల ఊపింది. అతను లేచి, తల్లిని భుజం పట్టి లేపాడు. దారిలో బస్సులో ఇద్దరూ వేరువేరు సీట్లలో కూర్చున్నారు. ఆ సాయంత్రం అతను టికెట్లు చింపి, లక్ష్మి పక్కన కూర్చుని, బిడ్డను మొదటిసారి ఎత్తుకున్నాడు.

నాలుగింట ఒకటి

ఇదంతా నేను సాధించిన విజయంలా కనిపిస్తుంది. కాదు. ల్యాబు నుంచి వచ్చాక, లక్ష్మి ఇంక ముందు ముందు ఎట్లా అని అడిగితే, నాలుగింట ఒకటేనని చెప్పాను. అక్కడితో ఆగితే బాగుండేది. ఆ ఒకటి వచ్చేసింది కాబట్టి ఇక భయం లేదన్నాను. ఆమె ముఖంలో సంతోషం చూసి నాకూ సంతోషమైంది.

రెండేళ్లకు రెండో బిడ్డ పుట్టింది. నేను నేరుగా దవాఖానకే వెళ్లాను. లక్ష్మి పక్కన బట్టలో చుట్టి ఉన్న పిల్ల తల మాత్రమే కనిపిస్తోంది. తెల్లని జుట్టు.

"నాలుగింట్ల ఒకటే అన్నవు గదక్కా" అంది లక్ష్మి. కోపంగా అనలేదు. నిజంగా అర్థం కాక అడిగింది.

మర్నాడు సాఠే సార్ ముందు నిలబడి ఏడ్చాను. ఆయన నన్ను ఓదార్చలేదు, తిట్టారు. ప్రతి కాన్పుకూ లెక్క మళ్లీ మొదటి నుంచే మొదలవుతుంది, మొదటి బిడ్డ ఎలా పుట్టిందో రెండో బిడ్డకు తెలియదు అన్నారు. ముప్పై పిల్లలున్న తొట్టిలో కనిపించే లెక్కను ఇద్దరు పిల్లలున్న ఇంట్లో వెతికావు, అది కూడా ఆమెను సంతోషపెట్టడానికి అన్నారు. అది నిజం. నాకు ఆ లెక్క తెలియక కాదు, ఎదుటివాళ్ల ముఖం చూసి మాట మార్చాను.

ఇంకో తప్పు కూడా చేశాను. రంగు గురించి అంత చెప్పినదాన్ని, చూపు గురించి గట్టిగా చెప్పలేదు. పెద్దపిల్ల తులసికి బడిలో నల్లబల్ల కనిపించదని, అందుకే అక్షరాలు రావడం లేదని తెలిసేసరికి ఒక ఏడాది గడిచిపోయింది. మొద్దు అని టీచరు వెనక బెంచీలో కూర్చోబెట్టింది. ముందు బెంచీలోకి మార్చి, కళ్లద్దాలు పెట్టించాక చదువు పట్టుకుంది. ఎండలో టోపీ, పొడుగు చేతుల చొక్కా వేసేవాళ్లు. అక్కాచెల్లెళ్లిద్దరూ ఇప్పుడు ఉద్యోగాల్లో ఉన్నారు. చిన్నదానికి ఇద్దరు పిల్లలు, ఇద్దరూ నల్లగా నిగనిగలాడుతుంటారు.

కొత్తగా వచ్చేవాళ్లకు నేను చెప్పగలిగేది ఇంతే. మీ దగ్గరికి వచ్చే మనిషికి కావలసింది ధైర్యమే అయినా మీరు ఇవ్వవలసింది ఉన్న లెక్క. తెలియనిది తెలియదనండి. ఫలితం వింతగా వస్తే మీ ఊహనే మొదట అనుమానించండి, మనిషిని చివర. తల్లి గురించి ఎవరైనా వేలెత్తితే, ఆ పూటే వెళ్లి ఆమె గడపలో కూర్చోండి.

నల్లా దగ్గర

రెండో బిడ్డ ఇంటికి వచ్చిన మర్నాడు పొద్దున, నీళ్లు వచ్చే వేళ. చాల్ కింద నల్లా దగ్గర బాల్టీలతో వరస ఉంది, నేనూ ఉన్నాను. మళ్లీ గుసగుసలు మొదలయ్యాయి. ఈసారి దర్జీ పేరు కాదు, శాపం, దోషం అనే మాటలు. అంతలో బాలమ్మ మెట్లు దిగి వచ్చింది. చేతుల్లో ఆ పసిగుడ్డు, గుడ్డ కప్పకుండా. వరస మధ్యలో నిలబడింది.

"మా ఇంట్లదే ఇది" అంది. "నా నుంచే వచ్చింది. నాకు గూడ తెల్లపిల్ల పుట్టింది, దాన్ని మేమే సంపుకున్నం. లక్ష్మిని ఎవ్వరూ ఏమనొద్దు. అనేదుంటే నన్ననుండ్రి."

గొంతు పెంచలేదు. అందరూ విన్నారు. నేను ల్యాబులో ఒకసారి విన్న మాటే, ఇప్పుడు నడివాకిట్లో చెప్పింది.

వరస చివర నుంచి మొదటి అంతస్తు ముసలాయన, సాయన్న, ముందుకు వచ్చాడు. బాలమ్మ వాళ్ల పక్క ఊరివాడు. ఎవరితోనూ పెద్దగా మాట్లాడడు. బిడ్డ జుట్టు వైపు చూస్తూ నిలబడ్డాడు.

"మా చెల్లె గిట్లనే ఉంటుండె" అన్నాడు.

"బతికిందా?" అని బాలమ్మ అడిగింది.

ఆయన లేదన్నట్టు చేయి ఊపాడు. ఎలా పోయిందో ఆమె అడగలేదు. రెండడుగులు వేసి బిడ్డను ఆయన చేతుల్లో పెట్టింది. ఆయన బాల్టీ కింద పెట్టి, ఎండ పడకుండా బిడ్డ ముఖానికి తన అరచేయి అడ్డం పెట్టాడు. నల్లా కింద ఎవరి బాల్టీయో నిండి, నీళ్లు రాళ్ల మీదుగా మా కాళ్ల కిందికి పారుతున్నాయి. ఎవరూ నల్లా కట్టేయలేదు.